కానుగ నూనెతో ఇంజన్ నడపాలా, వద్దా?

పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో ఒక ఊరు. మహిళా సమాఖ్యకు నూనె మిల్లు ఉంది. గట్ల మీద, వాగు పక్కన రాలే కానుగ గింజలను షావుకారుకు అమ్మకుండా అక్కడే ఆడించి బయోడీజిల్ చేద్దామని సమాఖ్య అక్క అంటోంది. ఊరి ఇంజన్లన్నీ బాగుచేసే మెకానిక్ తమ్ముడు వద్దంటున్నాడు.

తమ్ముడు: ముందు పైసల లెక్క చెప్పు అక్కా. నాలుగు కిలోల గింజలు ఆడిస్తే కిలో నూనె వస్తది. గింజలు కిలో 25 రూపాయలైతే నూనెకే వంద పాయె. ఆ పైన నూనెను డీజిల్ చేసేటందుకు కలిపే మిథనాల్, కాస్టిక్ సోడా, కూలి. బంకుల డీజిల్ పోసుకునుడే నయం గదా?

అక్క: నూనె లెక్క చేసినవ్, నూనె తీసినంక ఎరువుకు మిగిలే మూడు కిలోల పిండిని మరిచినవ్. షావుకారు గింజలు కొనుక్కపోతే పిండి కూడా ఆయన లారీలనే పోతది. ఎండల ఏరేది మన ఆడోళ్లు, ధర చెప్పేది ఆయన.

తమ్ముడు: పిండిల నత్రజని వందకు నాలుగు పాళ్లు. 45 కిలోల యూరియా బస్తాల 20 కిలోలకు పైనే ఉంటది. ఐదు క్వింటాళ్ల పిండి వేస్తే ఒక్క బస్తాతోని సమానం.

అక్క: నత్రజని ఒక్కటే తూస్తే అంతే. యూరియా నేలను గుల్ల చేస్తదా? చెదలను ఆపుతదా? మన ఆదిలాబాద్ దిక్కే పవర్‌గూడ ఊరి ఆడోళ్లు కూడా మిల్లు పెట్టుకున్నరు. 2003ల వాళ్ల కానుగ నూనె వల్ల తగ్గే కార్బన్ డయాక్సైడ్‌ను 147 టన్నులని లెక్కగట్టి ప్రపంచ బ్యాంకు 645 డాలర్లిచ్చింది.

తమ్ముడు: ఒక్కసారి వచ్చిన పైసలతోని ఎన్నేండ్లు నడుస్తది? అదే ఏడు ప్రణాళికా సంఘం డీజిల్ కోసం అడవి ఆముదం (జట్రోఫా) వెయ్యమన్నది. 2012 నాటికి డీజిల్‌ల ఐదో వంతు అదే కలుస్తదన్నరు. నీళ్లు లేని భూములల్ల కాయలే పట్టలే. నమ్మి వేసిన రైతు మునిగిండు. రేపు కానుగ కూడా చేన్లల్ల పెట్టుమంటే?

అక్క: ఒక్క గుంట చేను కూడా ఇయ్యం. ఈ మాట తీర్మానంల రాపిస్త. అడవి ఆముదం దెబ్బతిన్నది ఎందుకు? హైదరాబాదుల, ఢిల్లీల కూర్చున్నోళ్లు ఎకరాలు లెక్కబెట్టిన్రు, చెట్టును చూడలే. కానుగ మనం కొత్తగ తెచ్చేది కాదు. పశువులు ముట్టవు, ఎండకు ఓర్చుకుంటది. ఉన్న చెట్ల గింజ ఎంతొస్తే అంతే.

తమ్ముడు: సరే, నా పని సంగతికి వస్త. పచ్చి నూనె చిక్కగుంటది. నాజిల్ల నుంచి సన్నగ చిమ్మదు. సగం కాలక మసి పేరుకుంటది, పిస్టన్ రింగులు అతుక్కుంటయి. పల్చగ చేసేటందుకే మిథనాల్ కలుపుడు. అదేమన్న పప్పు వండినంత అలకనా? గింజ తడిసినా, మక్కినా నూనెల ఆమ్లం పెరుగుతది. అండ్ల కాస్టిక్ సోడా పోస్తే డీజిల్ కాదు, సబ్బు ముద్దయితది. ఆ ఆమ్లం తగ్గిచ్చేటందుకు ముందుగాల సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తోని ఇంకొక పని. 65 డిగ్రీల దగ్గర మిథనాల్ మరిగి ఆవిరయితది. దాని మంట పగటిపూట కంటికి ఆనది. కల్తీ సారాల మనుషుల కండ్లు తీసేది, పాణం తీసేది అదే. పిల్లలు తిరిగే షెడ్డుల పెడ్తవా?

అక్క: పెట్టను. ఈ మాటకు ఎదురు చెప్ప. మిథనాల్ ఊర్లకే రాకూడదు. ఊర్ల గింజ ఎండబెట్టుడు, ఆడించుడు, వడగట్టుడు, అంతవరకే. మిథనాల్ పని మండల సమాఖ్య ఒక్క చోట పెట్టి, పరీక్ష చేసే మనిషిని జీతం మీద ఉంచాలె. గింజ మొయ్యాలంటే నాలుగు బస్తాలు, నూనె అయితే ఒక్క బస్తా బరువే. పిండి ఇక్కడనే మిగులుతది.

తమ్ముడు: మండలంల అది లేచే దాకా?

అక్క: నెమ్మదిగ తిరిగే పాత ఇంజన్ ఉన్నది గదా, వాగు అవతల కరెంటు తీగ పోని మడికి నీళ్లు తోడేది. దాంట్ల పచ్చి నూనె పోద్దాం. మన దిక్కే చల్బర్డి ఊర్ల కానుగ నూనెతోనే జనరేటర్ తిప్పి ఇండ్లల్ల దీపాలు పెట్టుకున్నరు. డీజిల్‌తోని మొదలుపెట్టి, వేడెక్కినంక నూనెకు మార్చి, ఆపేముందు మల్ల డీజిల్ తాపు.

తమ్ముడు: నాజిల్ పోతే ఖర్చు ఎవరిది? రైతు నన్ను పట్టుకుంటడు.

అక్క: సమాఖ్యదే. పిండి అమ్మిన పైసలల్ల కొంత నీ రిపేర్లకే పక్కన పెడ్తం. రాసిస్త.

తమ్ముడు: అయితే ఆ ఒక్క ఇంజన్‌కే. ట్రాక్టర్‌ల ఒక్క చుక్క కూడా పొయ్యనియ్య. నాజిల్ ఎప్పుడు విప్పి చూడాలెనో నేను చెప్త, నువ్వు కాదు.

అక్క: విప్పిన ప్రతిసారి మసి ఎంతున్నదో మా పుస్తకంల రాయాలె. నువ్వు వద్దన్న నాడు ఆపేస్తం.