ఫెయిలైతేనే పాసయ్యే పరీక్షకు కోచింగ్ కావాలి

నీట్‌కి కోచింగ్ ఉంది, జేఈఈకి ఉంది, ఆరో క్లాసు పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్ కూడా ఉంది. కార్పొరేట్ కాలేజీలను రాష్ట్రమంతా ఎగుమతి చేసిన నెల్లూరులో కోచింగ్ సెంటర్ వెలవని పరీక్ష నాకు తెలిసి ఒక్కటే మిగిలింది, వైకల్య సర్టిఫికెట్ కోసం డాక్టర్లు చేసే సదరం. ఇది జిల్లా పరువు సమస్య కాబట్టి, మాగుంట లేఅవుట్‌లో ఏదో ఒక బిల్డింగ్ చూసి వెంటనే బోర్డు పెట్టాల్సిందిగా పెద్దల్ని కోరుతున్నా. తేడా ఒక్కటే, ఇందులో మార్కులు తక్కువ రావాలి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పిల్లాడికి మాట రావడం లేదు, ఈడు పిల్లలు చేసేవి చేయలేకపోతున్నాడు అనుకోండి, సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాట్ బుక్ చేసుకుని, చెప్పిన రోజు ఆసుపత్రికి పోతే డాక్టర్లు చూసి శాతం వేస్తారు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి, ఆటిజం కూడా ఎక్కింది. సంతోషం. గీత మాత్రం 40 శాతం దగ్గరే ఉంది. 40 ఉంటే మన రాష్ట్రంలో నెలకు ఆరు వేల పింఛను. 39 అయితే దండం పెట్టి ఇంటికి రావడమే.

అసలు మజా బుద్ధిమాంద్యం లెక్కలో ఉంది. కేంద్రం ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం, పిల్లాడు సొంతంగా ఏమేం చేసుకుంటాడో ఇంట్లోవాళ్లను అడిగి ఒక స్కోరు కడతారు. స్కోరు 55 నుంచి 69 దాకా వస్తే వైకల్యం 50 శాతం. 70 వచ్చిందా, 25 శాతం. అంటే గీత గీసింది 40 దగ్గర, ఆ 40 మీద నిలబడే పిల్లాడు మాత్రం ఈ లెక్కలో పుట్టడు. ఒక్క మార్కు ఎక్కువొచ్చిన పాపానికి సగం వైకల్యం మాయం! నీట్ నెగటివ్ మార్కులు దీని ముందు దానధర్మాలే.

ఇక ఇంటర్వ్యూ. ఉదయగిరి అవతల నుంచి తెల్లారుజామున బస్సెక్కిన తల్లి పిల్లాడికి తల నున్నగా దువ్వి, పండక్కి కుట్టించిన చొక్కా వేసి, బొత్తాలన్నీ తనే పెట్టి తీసుకొస్తుంది. నలుగురిలో బిడ్డ శుభ్రంగా కనపడాలి కదా. "బొత్తాలు పెట్టుకుంటాడామ్మా?" అంటే "పెట్టుకుంటాడు సార్, టైం పడతాది" అంటుంది. "అన్నం?" "తింటాడు సార్, కిందా మీదా పోసుకుంటాడు గానీ." పక్కనున్న అమ్మమ్మ మోచేత్తో పొడుస్తుంది: "యాడ తింటాడే, నువ్వు పెడితే కదా!" అప్పటికే పెన్ను కదిలిపోయింది. కన్నబిడ్డను నలుగురి ముందు చేతకానివాడు అనలేకపోయినందుకు ఆ తల్లికి పడే జరిమానా నెలకు ఆరు వేలు.

అందుకే మన సెంటర్లో మొదటి నెల సిలబస్ మొత్తం తల్లిదండ్రులకే, సబ్జెక్టు పేరు పరువు తీసుకోవడం. రెండో నెల పిల్లాడికి. అప్పు చేసి స్పీచ్ థెరపీ చేయిస్తే వచ్చిన "అమ్మా, నీళ్లు" అనే రెండు మాటలు ఆ ఒక్క పూట రాకుండా చూసుకోవడం. ఫ్యాకల్టీకి కొరత లేదు. బాగా వినపడే చెవులతో చెవిటి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు ఉన్నారనే కదా 2025లో ప్రభుత్వం పింఛనుదారులకు మళ్లీ పరీక్షలు పెట్టింది, వాళ్లలో ఖాళీగా ఉన్నవాళ్లను పిలిస్తే సరిపోతుంది.

లాంగ్ టర్మ్ బ్యాచ్ కూడా తప్పదు. అవే గైడ్‌లైన్స్ ప్రకారం ఈ సర్టిఫికెట్‌ను పిల్లాడికి అయిదో ఏట, పదో ఏట, పద్దెనిమిదో ఏట రెన్యువల్ చేయించాలి, పద్దెనిమిదికి ఇచ్చిందే జీవితాంతం చెల్లుతుంది. పిల్లలు మారతారు, మళ్లీ చూడాల్సిందే, అందులో తప్పు పట్టను. కానీ పింఛను డబ్బుతో థెరపీ చేయించి, ఆ థెరపీతో పిల్లాడు నాలుగు మార్కులు పెంచుకుంటే పింఛను పోతుంది, పింఛను పోతే థెరపీ ఆగుతుంది, ఆగితే మార్కులు తగ్గుతాయి, అప్పుడు మళ్లీ స్లాట్ బుక్ చేసుకోవచ్చు. ఇంత పకడ్బందీగా ఆలోచించినవాళ్లకు సన్మానం చేయాలి.

శాతం అవసరం లేకుండా పిల్లల్ని చూసే చోటు కూడా ఒకటుంది. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద ఆరేళ్లలోపు పిల్లల్లో ఎదుగుదల లోపాల్ని ముందే పట్టుకోవడానికి జిల్లా కేంద్రాల్లో డీఈఐసీ అనే సెంటర్లు పెట్టారు. త్వరగా మొదలుపెడితేనే థెరపీ బాగా పనిచేస్తుందని డాక్టర్లంతా చెప్పేదే. కానీ మూడేళ్ల పిల్లాడికి మాట రాలేదంటే మన ఊళ్లలో వినపడే సలహా ఏంటి, "వాళ్ల నాయనకీ ఆలస్యంగానే వచ్చింది లేమ్మా." ఆ మాటతో ఆరేళ్లు నిండుతాయి, తర్వాత సదరం క్యూ ఎలాగూ ఉంది.

సెంటర్ మొదలయ్యేలోపు ఒక తాత్కాలిక ఏర్పాటు. మొహర్రం వేళ స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలో చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె పంచుతున్నారు కదా, సదరం రొట్టె కూడా చేర్చండి. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి రొట్టె వదలాలన్నది ఆనవాయితీ. మనవాళ్లు వదిలేచోటే నిలబడి ఇంకోటి పట్టుకోవాలి, రెన్యువల్‌కి.