యువజన సదస్సు ఫైవ్ స్టార్ హోటల్లో ఎందుకు జరగాలి?

నీటి కొరత, గ్రామీణ ఉపాధి అనే రెండు అంశాల మీద ఢిల్లీలో జరిగిన ఒక యువజన సదస్సుకు మా అనంతపురం నుంచి ఇద్దరిని ఎంపిక చేశారు. ఒకరు నేను. రెండో అమ్మాయి డిగ్రీలో నా సహాధ్యాయిని, వాళ్లది కల్యాణదుర్గం వైపు పల్లె. నేను వెళ్లాను, ఆమె రాలేదు. మూడు రాత్రుల బస, భోజనం ఖర్చంతా తామే భరిస్తామని, రైలు ఛార్జీలు మాత్రం ఎవరివి వారే పెట్టుకోవాలని నిర్వాహకులు రాశారు. ఆ ఏడాది వేరుశనగ పంట చేతికి రాని ఇంట్లో, రానూపోనూ ఛార్జీలకూ దారిఖర్చులకూ కలిపి మూడు వేల రూపాయలు అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ సంగతి నాకు రైలెక్కే ముందు రోజు తెలిసింది. తిరిగి వచ్చి రెండు వారాలైనా అక్కడ విన్న ప్రసంగాల కంటే ఆమె రాలేకపోవడం, నేను వెళ్లి దిగిన హోటల్, ఈ రెండే నా మనసులో తిరుగుతున్నాయి. ఆ రెండూ వేర్వేరు విషయాలు కావని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అనంతపురంలో రాత్రి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు రాత్రులు, ఒక పగలు ప్రయాణం చేసి న్యూఢిల్లీలో దిగుతాం. ఉదయం హోటల్ చేరి రిసెప్షన్‌లో ఆధార్ కార్డు చూపించగానే, గదిలో అదనంగా ఏమైనా వాడుకుంటే దానికి పూచీగా క్రెడిట్ కార్డు ఇవ్వాలని, లేకపోతే 5,000 రూపాయలు డిపాజిట్ కట్టాలని చెప్పారు. గది డబ్బు నిర్వాహకులు కట్టేశారని చెప్పినా, అది వేరు, ఇది వేరన్నారు. నాకు క్రెడిట్ కార్డు లేదు. మా ఇంట్లో ఎవరికీ లేదు. ఫోన్‌పేలో 3,100 రూపాయలు ఉన్నాయి. అంత చలవరాతి హాలులో, రెండు రాత్రులు రైల్లో నలిగిన బట్టలతో, సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. ఝార్ఖండ్ నుంచి వచ్చిన ఇద్దరు అబ్బాయిలు, ఒడిశా నుంచి వచ్చిన ఒక అమ్మాయి కూడా నా పక్కనే కూర్చున్నారు. కార్డు ఉన్నవాళ్లు వరసగా లిఫ్టు ఎక్కి వెళ్లిపోయారు. చివరికి నిర్వాహకుల తరఫు మనిషి వచ్చి కాగితం రాసిచ్చాక తాళం ఇచ్చారు. రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు మమ్మల్ని ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు, అది వాళ్ల నిబంధన. అలాంటి నిబంధన ఉన్న చోటుకు పల్లెల నుంచి వచ్చే ఇరవయ్యేళ్ల పిల్లలను పిలుస్తున్నప్పుడు, వాళ్ల జేబులో ఏముంటుందో ముందుగా ఆలోచించవలసిన బాధ్యత పిలిచినవారిది.

ఇద్దరికొక గది. చివరి రోజు ఉదయం తలుపు కింద నుంచి బిల్లు నకలు తోశారు. రోజుకు 18,000 రూపాయల అద్దె, రోజు అద్దె 7,500 రూపాయలు దాటిన గది కాబట్టి దాని మీద 18 శాతం జీఎస్టీ. మూడు రాత్రులకు 63,720 రూపాయలు. మా ఊరి నుంచి ఢిల్లీకి స్లీపర్ క్లాసులో రానూపోనూ రెండు వేల లోపే అవుతుంది. అంటే మేమిద్దరం పడుకున్న ఆ ఒక్క గది డబ్బుతో ముప్పై మందిని రప్పించవచ్చు. నిర్వాహకులకు ఎంతో కొంత తగ్గించి ఉంటారు. సగానికి సగం తగ్గించారనుకున్నా పదిహేను మంది. నా స్నేహితురాలు ఆ పదిహేను మందిలో ఒకరుగా రావలసిన మనిషి. డబ్బు లేకపోవడం వల్ల ఆమె ఆగిపోలేదు, ఆమె టికెట్‌కు కావలసిన డబ్బు మా పరుపుల కింద, మా స్నానపు తొట్టి కింద ఖర్చయిపోయింది.

ఆ తొట్టి గురించి కూడా చెప్పాలి. మా జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. సత్యసాయి మంచినీటి పథకం రాకముందు ఫ్లోరైడు నీళ్లే గతి అయిన రోజులను మా అమ్మ ఈనాటికీ చెబుతుంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో పల్లెలో ఒక మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు ఇవ్వాలన్నది లెక్క. తాగడానికి, వండుకోవడానికి, స్నానానికి, బట్టలకు అన్నింటికీ కలిపి. ఆ గదిలోని తొట్టిని ఒకసారి నింపితే 150 లీటర్లకు తక్కువ పట్టదు, అంటే దాదాపు ముగ్గురి ఒకరోజు నీళ్లు. నీటి కొరత మీద మాట్లాడడానికి వచ్చిన నేను మూడు రోజులూ ఆ తొట్టి జోలికి పోకుండా బకెట్ అడిగి తెప్పించుకున్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, నాకు చేతులు రాలేదు. అదే నగరంలో ట్యాంకరు వెనక బిందెలతో పరిగెత్తే బస్తీలున్నాయి. మూడు రోజుల కార్యక్రమంలో మమ్మల్ని ఒక్క పూటైనా అలాంటి బస్తీకి తీసుకువెళ్లలేదు.

రెండో రోజు మధ్యాహ్నం యువత, ఉపాధి అనే అంశం మీద చర్చ జరిగింది. వేదిక మీద ఐదుగురు, ఎదురుగా గుండ్రటి బల్లల చుట్టూ మేము. గోడ పక్కన తెల్ల చేతితొడుగులు వేసుకుని, నీళ్ల జగ్గు పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. గ్రామీణ యువత ఎందుకు వలస పోతున్నదన్న ప్రశ్న మీద గంటన్నర సేపు మాట్లాడారు. ఆ గంటన్నరా ఆమె మా గ్లాసులు ఖాళీ కాకుండా చూసింది. సాయంత్రం కారిడార్‌లో కనబడితే నాకొచ్చిన హిందీలో పలకరించాను. ఉత్తరాఖండ్ కొండల్లో ఒక ఊరు, వయసు ఇరవై, హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతూ ట్రైనింగ్ కోసం వచ్చింది. ఆ రోజు పన్నెండు గంటలు నిలబడిందట. నగరానికి ఇంకో కొసన ఒక గదిలో ఆరుగురు ఉంటారట, ఆఖరి బస్సు తప్పిపోతుందని మాట్లాడుతూనే గడియారం చూసుకుంది. వేదిక మీది చర్చ విన్నావా అని అడిగితే విన్నానంది. తాను కూడా ఊరు వదిలి వచ్చినదాన్నేనని, తననెవరైనా అడిగితే రెండు మాటలు చెప్పేదాన్నని అంది. మన జాతీయ యువజన విధానం 2014 ప్రకారం 15 నుంచి 29 ఏళ్ల వరకు యువతే. ఆ హాలులో ఆ విధానం చెప్పే యువత రెండు రకాలుగా ఉంది. ఒకరు కూర్చున్నారు, ఒకరు నిలబడ్డారు. హోటల్ ఆ గీతను ఎంత చక్కగా గీస్తుందంటే, మూడు రోజులు దాని పక్కనే తిరుగుతూ కూడా చాలామందికి అది కనబడలేదు.

ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీరుగా నేను ఏడు రోజుల ప్రత్యేక శిబిరం చేశాను. 1969లో గాంధీజీ శతజయంతి సంవత్సరంలో మొదలైన ఆ పథకంలో విద్యార్థులు దత్తత తీసుకున్న పల్లెలోనే ఉండాలి. మేము బడి గదుల్లో చాపలు పరుచుకుని పడుకున్నాం. పొద్దున ఉప్మా వంతు ఎవరిది, రాత్రి గిన్నెలు కడిగే వంతు ఎవరిది అన్న పట్టీ గోడకు అంటించి ఉండేది. రాత్రి దీపాలు ఆర్పాక చీకట్లో సాగిన మాటల్లోనే, ఎదురుగా ఉన్న చెరువు ఎందుకు నిండడం లేదో, వాగు మీద ఎవరు కట్ట వేశారో ఆ ఊరి పిల్లలు మాకు చెప్పారు. ఢిల్లీలో తొమ్మిదింటికి ఎవరి కార్డుతో వారు తలుపు తీసుకుని లోపలికి వెళ్లిపోయేవాళ్లం. ఝార్ఖండ్ అబ్బాయిలతో నేను మాట్లాడిందంతా ఆ మొదటి రోజు హాలులో డిపాజిట్ కోసం ఎదురుచూసిన రెండు గంటల్లోనే.

చంబల్‌లో 1972 నాటి బందిపోట్ల లొంగుబాటుకు తోడ్పడిన ఎస్.ఎన్. సుబ్బారావు గారు, 2021లో కన్నుమూసేదాకా దేశమంతా యువజన శిబిరాలు నడిపారు. పొద్దున అందరూ శ్రమదానం చేసి, సాయంత్రం అనేక భాషల పాటలు కలిసి పాడే శిబిరాలవి. ఆయన శిబిరానికి వెళ్లివచ్చిన మా అధ్యాపకులు ఒకరు, అక్కడ పరిచయమైన మణిపురీ మిత్రుడికి ఇప్పటికీ పండుగ పండుగకూ ఫోన్ చేస్తారు.

అసలు యూత్ హాస్టల్ అన్న ఆలోచన పుట్టిందే ఇలాంటి అవసరంలోంచి. 1909లో రిచర్డ్ షిర్మన్ అనే జర్మన్ బడి పంతులు పిల్లలతో కాలినడక యాత్రలో ఉండగా ఉరుములతో పెద్ద వాన వచ్చింది, వాళ్లు ఒక బడి భవనంలో తలదాచుకున్నారు. సెలవుల్లో ఖాళీగా ఉండే బళ్లను పిల్లలకు బసగా ఎందుకు ఇవ్వకూడదన్న ఆలోచన ఆయనకు ఆ రాత్రే వచ్చింది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి యూత్ హాస్టల్ తెరిచారు. మన జాతీయ యువజన దినోత్సవం జనవరి 12, వివేకానందుని జయంతి. అప్పటికి తెలుగునాట సంక్రాంతి సెలవులు మొదలై, విశ్వవిద్యాలయాల హాస్టళ్లు చాలావరకు ఖాళీ అయి ఉంటాయి. మంచాలున్నాయి, వంటశాలలున్నాయి, సభకు హాళ్లున్నాయి. ఢిల్లీలోనైతే చాణక్యపురిలోనే అంతర్జాతీయ యూత్ హాస్టల్ ఉంది.

ఈ ఇబ్బంది మన దేశానికే పరిమితం కాదు. ఐక్యరాజ్యసమితి ఏటా జరిపే వాతావరణ సదస్సులకు ముందు, 2005లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన సదస్సు నుంచి యువజన సమావేశాలు జరుగుతున్నాయి. 2022లో ఈజిప్టు విహార పట్టణం షర్మ్ ఎల్ షేక్‌లో సదస్సు పెట్టినప్పుడు హోటళ్ల అద్దెలు ఆకాశాన్నంటి, పేద దేశాల యువతీ యువకులు గది దొరక్క అవస్థపడ్డారు. 2025లో బ్రెజిల్‌లోని బెలెంలో పడకలు చాలక రెండు విహార నౌకలను తెచ్చి నిలపవలసి వచ్చింది. కరువు మొదట ఎవరి ఇంటికి వస్తుందో వాళ్లే ఆ సభల్లో తక్కువగా కనబడితే, అక్కడ చేసే తీర్మానాల్లో ఏది రాయాలో ఎవరు చెబుతారు?

నేను ఒక మాట దాచకూడదు. మా నాన్న నన్ను ఒంటరిగా అంత దూరం పంపడానికి ఒప్పుకున్నది ఆ హోటల్ పేరు చూసే. పెద్ద హోటల్ అంటే ఆడపిల్లకు భద్రం అని ఆయన నమ్మకం, ఆ నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే నాన్నకు కావలసింది లోపలి నుంచి గడియ పడే తలుపు, రాత్రంతా మెలకువగా ఉండే ఒక మహిళా వార్డెన్, స్టేషన్‌కు ఎదురు వచ్చి తీసుకెళ్లే మనిషి, శుభ్రమైన స్నానాల గది. ఇవేవీ రోజుకు 18,000 రూపాయల వస్తువులు కావు. స్టేషన్‌కు ఎవరూ రాలేదు కాబట్టి మెట్రో మార్గం నేనే అడిగి తెలుసుకున్నాను.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయి వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపింది, టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. ఆ సభ ఆమె ఉన్న చోటికి వచ్చింది కాబట్టే ఆ ద్వారం దగ్గర ఆమె ఉంది.

నిర్వాహకులకు నిన్న ఉత్తరం రాశాను. వచ్చే ఏడాది ఆహ్వానంతో పాటే రైలు టికెట్ పంపమని, బసకు విద్యార్థుల హాస్టల్ చూడమని, హాలులో నీళ్లు అందించే వాళ్లలో మాట్లాడదలచుకున్నవారికి ఒక కుర్చీ వేయమని అడిగాను. ఈసారి నా బదులు పిలవవలసిన మనిషి ఎవరో కూడా రాశాను. ఆమె ఊరి చెరువు లెక్కలు, బోర్ల లోతులు మూడేళ్లుగా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నది. నేను వేదిక మీద మూడు నిమిషాల్లో చెప్పినదంతా ఆ పుస్తకంలో చూసి చెప్పినదే.