రన్‌సర్వర్‌తోనే సైటు నడిపేయొచ్చా?

పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగో. కోడ్ రాస్తూ పరీక్షించుకోవడానికి దాంతోపాటే వచ్చే సర్వర్ రన్‌సర్వర్. జాంగో నేర్చుకునేవాళ్ల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. "చిన్న సైటుకి గునికార్న్, ఎంజిన్‌ఎక్స్ లాంటి వేరే సర్వర్లు దండగ. సర్వర్‌లో స్క్రీన్ (మనం లాగౌట్ అయినా కమాండ్‌ని నడుపుతూ ఉంచే టూల్) తెరిచి రన్‌సర్వర్ కొట్టి వదిలేయండి. వార్నింగులు ఊరికే భయపెట్టడానికి. ఒకేసారి ఒక్కరికే పనిచేస్తుందన్నది పాతమాట. డీబగ్ (ఎర్రర్ వస్తే లోపలి వివరాలు పేజీలో చూపించే సెట్టింగ్) ఆపేస్తే చాలు."

పాతమాటే, ఒప్పుకుంటా. 2012లో వచ్చిన జాంగో 1.4 నుంచి రన్‌సర్వర్ ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో థ్రెడ్ (పక్కపక్కనే నడిచే పని) తెరుస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది: ఎన్ని తెరవాలన్నదానికి హద్దు లేదు. నత్తనడక నెట్‌తో కనెక్షన్ పట్టుకుని కూర్చునేవాళ్లు పెరిగేకొద్దీ థ్రెడ్లూ పెరుగుతాయి, మెమరీ కరిగిపోతుంది. గునికార్న్‌లో రిక్వెస్టులు చూసే వర్కర్లు (ప్రాసెస్‌లు) ఎంతమందో మనమే చెబుతాం. 2 కోర్లుంటే 5తో మొదలుపెట్టమంటారు దాన్ని తయారుచేసినవాళ్లు. ముందు నిలబడ్డ ఎంజిన్‌ఎక్స్ ఆ నెమ్మది రిక్వెస్టుని పూర్తిగా తను అందుకున్నాకే వర్కర్‌కి ఇస్తుంది.

వార్నింగ్ ఊరికే పెట్టలేదు. రన్‌సర్వర్‌కి సెక్యూరిటీ ఆడిట్‌గానీ పెర్ఫార్మెన్స్ టెస్టులుగానీ జరగలేదని జాంగో డాక్యుమెంటేషనే చెబుతోంది. చేసినవాళ్లే వద్దంటుంటే మనకెందుకీ మొండితనం?

డీబగ్ ఆపడం మంచిదే. ఆపకపోతే కొంప మునుగుతుంది. ఎర్రర్ పేజీలో పేరులో 'పాస్', 'సీక్రెట్' లాంటివి ఉన్న సెట్టింగులకు జాంగో చుక్కలు పెడుతుంది, నిజమే. మీ ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్స్ మాత్రం ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. అందులో ఎవరి ఫోన్ నంబరైనా ఉండొచ్చు. 2015లో కళాకారులకు అభిమానులు డబ్బు పంపే సైటు పేట్రియాన్ డేటా బయటపడింది కూడా, బయటివాళ్లకి కనిపించేలా వదిలేసిన డీబగ్ సైటు ద్వారానే.

అయితే డీబగ్ ఆపగానే రన్‌సర్వర్ స్టాటిక్ ఫైళ్లు (సీఎస్ఎస్, బొమ్మల్లాంటివి) ఇవ్వడం మానేస్తుంది. సీఎస్ఎస్ లేక పేజీ బోసిపోతుంది. అప్పుడు 'ఇన్‌సెక్యూర్' ఆప్షన్ తగిలించమంటారు ఈ సలహాదారులే! ఫైళ్లొస్తాయి, కానీ ప్రతి బొమ్మనీ పైథానే మోసుకురావాలి.

ఇక స్క్రీన్ సంగతి. మెషీన్ రీబూటైతే దాన్ని మళ్లీ లేపేవాళ్లుండరు. పైగా రన్‌సర్వర్ ఫైలు మారితే చాలు, తనంతట తను రీలోడ్ అవుతుంది. కొత్త కోడ్ తెచ్చుకోవడానికి గిట్ పుల్ కొట్టారనుకోండి, డేటాబేస్ టేబుళ్లని మార్చే మైగ్రేషన్ ఇంకా నడపకముందే కొత్త కోడ్ జనం మీదికి వెళ్లిపోతుంది. లేని కాలమ్ కోసం వెతికి 500 ఎర్రర్లు చూపిస్తుంది. గునికార్న్‌ని లినక్స్‌లో సర్వీసులు నడిపించే సిస్టమ్‌డీ కింద పెడితే మైగ్రేషన్ అయ్యాక మీరు రీస్టార్ట్ చేసేదాకా పాత కోడే నడుస్తుంది. దానికి కావలసిన సర్వీస్ ఫైలు పట్టుమని ఇరవై లైన్లుండదు.