మా ఇంట్లో ఉచిత ఇసుక విధానం

రాష్ట్రంలో ఇసుక విధానం మారినన్ని సార్లు మా ఇంట్లో గ్యాస్ పొయ్యి ట్యూబు కూడా మార్చలేదు. 2016లో ఉచితం అన్నారు. 2019లో టన్ను 375 అన్నారు. 2021లో అదే టన్ను 475 అయింది. 2024 జూలైలో మళ్లీ ఉచితం, లోడింగు కూలి, బండి కిరాయి మాత్రం మనవి. ఇన్ని విధానాలు వచ్చాయి, పోయాయి గానీ, ఇందులో ఒక్కటంటే ఒక్కటి కూడా ఇళ్లలో అక్వేరియం పెట్టుకున్నవాళ్ల గురించి ఒక్క ముక్క రాయలేదు. మాకూ ఇసుక కావాలండీ. లారీ అక్కర్లేదు, ట్రాక్టరూ అక్కర్లేదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ట్యాంకులో రెండంగుళాల మందం పరవాలంటే 14 కిలోలు కావాలి. ఆ 14 కిలోలకి ఏ రీచ్‌లో బుక్ చేసుకోవాలో, ఏ స్లిప్పు చూపించాలో చెప్పే నాథుడు శ్రీకాకుళంలో లేడు. కాబట్టి మా ఇంటికి మేమే ఒక విధానం రాసుకోవలసి వచ్చింది.

మొదట న్యాయంగా షాపుకే వెళ్లాను. అక్కడ ఇసుక అనేది ఇసుక రంగులో ఉండదు. గులాబీ రంగులో, నీలం రంగులో, పెళ్లి పందిట్లో లైట్ల రంగులో ఉంటుంది, కిలో 80 రూపాయలు. 14 కిలోలకి 1,120. అప్పటిదాకా మనిషిలాగే ఉన్న నేను అక్కడే నిలబడి టన్నుల లెక్క వేయడం మొదలుపెట్టాను. కిలో 80 అంటే టన్ను 80 వేలు. ట్రాక్టరుకి నాలుగు టన్నులు అనుకుంటే ఒక్క ట్రాక్టరు ఇసుక 3 లక్షల 20 వేలు! టన్ను 475 ఉన్న రోజుల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు లబోదిబోమన్నారు కదా, ఆ రేటుకి నా 14 కిలోలు కడితే ఆరు రూపాయల అరవై అయిదు పైసలు. బస్సులో చిల్లర లేదని కండక్టరు ఉంచేసుకునేంత.

ఇంటికొచ్చి ఈ లెక్క చెబితే మా అమ్మ చేటలో బియ్యం ఆపి నా మొహంలోకి చూసింది. "ఏట్రా, నాగావళిలో ఇసక లారీలెట్టి పట్టుకుపోతంటే, నువ్వు పొట్లం కట్టించుకుని కొనుక్కొస్తావా?" అంది. దాంతో మా ఇంటి ఇసుక విధానంలో మొదటి క్లాజు ఆమోదం పొందింది: డబ్బు పెట్టి ఇసుక కొనరాదు.

కళింగపట్నం వైపు ఉండే మా బావకి ఈ సంగతి తెలిసి వెంటనే ఫోన్ చేశాడు. "బావా, దానికింత మీటింగేటి, బీచీలోంచి సంచీడు ఎత్తుకొచ్చేస్తాను, ఎవడడుగుతాడు?" అన్నాడు. ఎవడూ అడగడు, నిజమే. కానీ సముద్రపు ఇసుకలో ఉప్పు ఒక్కటే కాదు గుల్లల ముక్కలు కూడా ఉంటాయి. గుప్పెడు ఇసుక మీద నిమ్మకాయ పిండి చూడండి, సుయ్యిమని బుడగలొస్తే అందులో సున్నం ఉన్నట్టు. అది కొద్దికొద్దిగా కరిగి నీళ్లని గట్టి నీళ్లుగా మారుస్తుంది. గప్పీలు దానికి సర్దుకుపోతాయి, అవి మధ్యతరగతి చేపలు. మా అమ్మాయి అడుగుతున్న నియాన్ టెట్రాలు మాత్రం మెత్తటి నీళ్ల పిల్లలు, సర్దుకుపోవు. అదీగాక మా జిల్లా తీరపు ఇసుక ఆషామాషీ ఇసుక కాదు. నల్లగా చారలుచారలుగా కనిపించేది ఇల్మెనైట్, ఎర్రగా మెరిసేది గార్నెట్, వాటి మధ్యలో ఎక్కడో మోనజైట్, ఆ మోనజైట్‌లో థోరియం. థోరియం అంటే అణు ఇంధనం కిందికి వచ్చే సరుకు. ఆరు గప్పీల కోసం అణుశక్తి శాఖతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపే ఓపిక నాకు లేదని బావకి చెప్పాను. బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే మా చిన్నప్పట్నుంచీ ఆ ఇసకలోనే కబడ్డీ ఆడినాం కదా బావా, మరి మాకేటవలేదే?" అన్నాడు. ఆ ప్రశ్నకి విధానంలో సమాధానం లేదు.

ఇక మిగిలింది పక్కింటి గుట్ట. పక్కన రిటైరైన మాస్టారు ఒకాయన మేడ కడుతున్నారు. రోడ్డు సగం ఆక్రమించి రెండు ట్రాక్టర్ల నాగావళి ఇసుక పోయించారు. ఇసుక వేస్తే రాలనంత జనం అంటాం గానీ, మా వీధిలో ఇసుక వేశాకే జనం చేరారు. సాయంత్రం పిల్లలు గుళ్లు కడతారు, పగలు కుక్కలు పడుకుంటాయి, అర్ధరాత్రి దాటాక పిల్లులు వస్తాయి. పిల్లులు ఎందుకు వస్తాయో విడమరచి చెప్పక్కర్లేదనుకుంటాను. మాస్టార్ని ఒక బకెట్టు అడిగాను. "దాందేముందండీ, తీసుకోండి, మా మనవడికి నాలుగు చేపలివ్వండి చాలు" అన్నారు. నాలుగు గప్పీలు ఇచ్చాను, తోకలు రంగురంగులుగా విప్పుకున్నవి ఏరి మరీ ఇచ్చాను. గప్పీల్లో అంత అందంగా ఉండేవి మగవే. ఆరు నెలలుగా మాస్టారు "ఇంకా పిల్లలు పెట్టలేదేమిటండీ" అని అడుగుతూనే ఉన్నారు. ఆయనిచ్చిన బకెట్టులో నాకు దొరికిన పిల్లుల ఉత్పత్తుల గురించి నేనూ ఆయనకి చెప్పలేదు. ఇసుక తక్కెడ, పేడ తక్కెడ అనే సామెత పుట్టిన వీధి మాదేనేమో అని నాకొక అనుమానం.

అదృష్టం కొద్దీ ఇది నది ఇసుక, రోబో శాండ్ కాదు. రోబో శాండ్ అంటే రాయిని మిషన్లో ఆడించి తీసేది, గింజ గింజకీ అంచులు కోసుగా ఉంటాయి. గోడకది మంచిదే. అడుగున మూతి పెట్టి వెతుక్కునే చేపలకి మాత్రం మీసాలు గీరుకుపోతాయి. నాగావళి ఇసుక అలా కాదు, ఒడిశా కొండల్లో బయల్దేరి మన ఊరి వంతెన కిందికి వచ్చేసరికి దొర్లిదొర్లి గుండ్రబడి ఉంటుంది. దాంట్లో అక్కడక్కడా ఎర్రటి చుక్కలుంటాయి, అవి గార్నెట్లు, తూర్పు కనుమల్లోని ఖోండలైట్ రాయి అరిగి వచ్చినవి. షాపులో గులాబీ రంగు పూసి 80 రూపాయలకి అమ్మేది రంగు, ఇక్కడ కొండే రంగు వేసి పంపింది. ఇలాంటి మాటలు చెప్పే నేను జల్లెడ కొన్నాను.

జల్లించడం మీద ఒక మాట. పిండిలా సన్నగా ఉన్న ఇసుక ట్యాంకులో గట్టిగా పేరుకుపోతుంది, చింతపిక్కంత గులకలుంటే చేపల మేత సందుల్లో పడి కుళ్లుతుంది. బొంబాయి రవ్వంత ఉండాలి. ఉప్మా చేసుకునే ఇంట్లో ఈ కొలత ఎవరికైనా అర్థమవుతుంది.

తర్వాత కడగడం. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. చవక ఇసుక అని ఊరించేవాళ్లు అందులో ఎంత మట్టి ఉంటుందో అస్సలు చెప్పరు. మొదటి బకెట్టు నీళ్లు టీ రంగులో వచ్చాయి. అయిదో బకెట్టు కూడా టీయే, కాస్త పాలెక్కువ వేసిన టీ. పదో బకెట్టుకి నాకు నడుం ఉందని తెలిసింది. పదిహేడో బకెట్టుకి నీళ్లు తేటగా వచ్చాయి, లేదా చీకటి పడి నాకలా కనిపించాయి. మా అమ్మ వాకిట్లోకి వచ్చి, "ఇసక ఉచితమే గానీ, నీళ్లు ఎవులబ్బ సొమ్మురా?" అని అడిగింది. వంశధార నీళ్ల తగవు తేల్చమని 2010లో ట్రిబ్యునల్ వేస్తే 2017లో తీర్పు వచ్చింది. మా బోరు నీళ్ల తగవు ఇంకా వాదనల దశలోనే ఉంది. నీళ్లన్నీ అరటి చెట్టుకే పోశానని నేను అఫిడవిట్ వేశాను, అరటి చెట్టు చుట్టూ అంగుళం మందం బురద పేరుకుందని అమ్మ కౌంటర్ వేసింది.

ఇసుక పరిచి, పైన స్టీలు పళ్లెం పెట్టి, పళ్లెం మీద నీళ్లు మెల్లగా పోయాలి. నేను పళ్లెం పెట్టాను. మెల్లగా పోయలేదు. ట్యాంకు ఆగస్టు నెల నాగావళిలా అయింది, ఎర్రటి వరద నీరు, ఒడ్డు కనిపించదు. అలాంటప్పుడు మట్టి అడుక్కి దిగేదాకా ఫిల్టరు ఆపేసి ఉంచాలి. తొందరగా తేరుకుంటుందని నేను ఫిల్టరు ఆన్ చేశాను. అది ఇసుక పీల్చుకుని, లోపల తిరిగే చిన్న ఫ్యాను బిగుసుకుపోయి, బస్టాండులో పాత బస్సు గేరు మార్చినట్టు ఒక చప్పుడు చేసి ఊరుకుంది.

ఇక్కడ జమాఖర్చులు ప్రజల ముందు పెట్టడం నా బాధ్యత. ఇసుక: ఉచితం. జల్లెడ 180. ఫిల్టరు ఫ్యాను 350. అడుగున చెత్త లాగే సైఫన్ పైపు 220. తడి ఇసుకతో ఎత్తితే చెవి ఊడి పగిలిన బకెట్టు 290. నడుంనొప్పి మందు 140. మొత్తం 1,180. షాపు ఇసుక కంటే 60 రూపాయలు ఎక్కువ. మా అమ్మ కాగ్ నివేదిక కన్నా కఠినంగా ఒకే మాట అంది, "ఉచితవంటే ఇంతే మరి."

అయినా నేను వెనక్కి తగ్గలేదు. ఎందుకో చెప్తాను. రంగు గులకలు వేసిన ట్యాంకు చూడండి, ఎప్పుడూ పెళ్లి కళతో ఉంటుంది. చేపలు విసర్జించిందీ, తినగా మిగిలిందీ అంతా రాళ్ల సందుల్లోకి దిగిపోతుంది, పైకేమీ కనిపించదు, లోపల కుళ్లుతూ ఉంటుంది. ఇసుకలో ఆ సౌకర్యం లేదు. ఏది పడ్డా పైనే ఉంటుంది. మా ఇంటికి చుట్టాలొస్తే మొదట చేపల్ని చూడరు, వాటి విరేచనాలు చూస్తారు. అసలు పారదర్శక పాలన అంటే ఇదే అని నేను ఒకరిద్దరికి చెప్పాను. పారదర్శకతను వారానికోసారి సైఫన్‌తో లాగెయ్యాలి, లేకపోతే హాల్లో కూర్చోలేం, అది వేరే సంగతి.

రెండంగుళాలు కూడా ఎక్కువే అని తర్వాత తెలిసింది. మందంగా పరిస్తే అడుగున గాలాడక నల్లటి పొర కడుతుంది, పుల్లతో కదిపితే కుళ్లిన గుడ్డు కంపు. అంగుళం, అంగుళంన్నర చాలు. దీనికి పరిష్కారంగా ట్రంపెట్ నత్తల్ని నియమించాను. అవి పగలంతా ఇసుకలో దూరి ఉంటాయి, రాత్రిళ్లు ఇసుకంతా తిరగదోడతాయి. జీతం లేదు, పెన్షన్ లేదు, బదిలీలు లేవు. మొదట నాలుగు తెచ్చాను. కారుణ్య నియామకాలో ఏమో గానీ ఇప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్క తేలడం లేదు, పని మాత్రం నాలుగు చేసినంతే జరుగుతోంది.

మొన్న మా పిన్ని వచ్చి ట్యాంకు ముందు కూర్చుని చాలాసేపు చూసింది. చేపలంటే మా జిల్లాలో రెండే ఉపయోగాలు. ఒకటి పులుసు. రెండోది పొందూరు నేత, అక్కడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు. ఊరికే కూర్చుని చూడడం అనే మూడో ఉపయోగం మా పెద్దవాళ్లకి ఇంకా అందలేదు. "ఇసకేసినావు కదా, బొమ్మిడాయిలు వదిలితే దూరి కూచుంటాయి, పండక్కి పనికొస్తాయి" అంది పిన్ని. సాంకేతికంగా చూస్తే ఆమె చెప్పింది పూర్తిగా కరెక్టు, బొమ్మిడాయిలకి ఇసుకలో దూరి ఉండడమే ఇష్టం. ఇన్నాళ్లలో నా ఇసుకని మెచ్చుకున్నది ఆవిడొక్కతే.

వీధికో మంచినీళ్ల ప్లాంటు ఉంది కదా, వాళ్ల ఫిల్టరు ట్యాంకుల్లో వేసే సిలికా ఇసుక ముందే జల్లించి ఉంటుందని, దాన్నే తెచ్చుకుంటే సగం శ్రమ తప్పేదని మా మేనల్లుడు నిన్న చెప్పాడు. ఆర్నెల్ల క్రితం చెప్పుంటే వాడికి కాఫీ ఇచ్చేవాణ్ణి.

బకెట్టులో మిగిలిన ఇసుక, అయిదారు కిలోలు ఉంటుందేమో, కడిగి ఆరబెట్టి వాకిట్లో గోనెసంచి మీద పెట్టాను. మాస్టారింట్లో ఆఖరి ప్లాస్టింగు నడుస్తోంది. మేస్త్రి బీడీ కాల్చుకోవడానికి ఇటువైపు వచ్చి, వంగి, గుప్పెడు తీసి, అరచేతిలో రుద్ది చూశాడు. మట్టి ఒక్క రవ్వ అంటలేదు. తులసికోటకి కావలసి వచ్చిందని అడిగాడు. నేను గొంతు సవరించుకుని, ఇసుక ఉచితమేననీ, కడుగుడు కూలి, నీళ్ల ఖర్చు మాత్రం వినియోగదారుడే భరించాలనీ మా విధానం వివరించాను. అతను అంతా ఓపిగ్గా విని, బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"ఇంత బాగా కడిగిన ఇసక నా సర్వీసులో సూడలేదు బాబూ. సిమెంటు బాగా పట్టుద్ది. మాస్టారితో సెప్తాను, రేపు ట్రాక్టరు మీ వాకిట్లోనే దింపించేస్తాం, కడిగెట్టీండి."