నియోనోథోపానస్‌లో వెలిగేది భాస్వరం కాదు

చీకట్లో పచ్చగా వెలిగే పుట్టగొడుగుల ఫొటోతో ఒక సందేశం చాలామందికి చేరుతోంది: “వీటిలో భాస్వరం ఉంటుంది. పగలు వెలుతురు పీల్చుకుని రాత్రి వదులుతాయి. ఎండబెట్టి దాచుకుంటే ఆ వెలుగులో పుస్తకం చదువుకోవచ్చు.” చెప్పేది నియోనోథోపానస్ గురించి. ఉష్ణమండలంలో కలపను కుళ్లబెట్టి బతికే పుట్టగొడుగుల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఇది.

ముందు భాస్వరం సంగతి. తెల్ల భాస్వరం గాలి తగిలితే వెలిగే మాట నిజమే, కానీ అది ప్రాణాంతక విషం, ఇట్టే అంటుకుంటుంది. జీవకణాల్లో ఉండేది ఫాస్ఫేట్ రూపం. అది వెలగదు. ఈ పుట్టగొడుగులో కెఫిక్ ఆమ్లం అనే పదార్థం నుంచి హిస్పిడిన్ అనే మరో పదార్థం తయారవుతుంది. ఒక ఎంజైమ్ (రసాయన మార్పులు జరిపే ప్రోటీన్) దాన్ని 3-హైడ్రాక్సీహిస్పిడిన్‌గా మారుస్తుంది. లూసిఫెరిన్, అంటే వెలుగునిచ్చే పదార్థం, ఇదే. లూసిఫెరేజ్ అనే ఇంకో ఎంజైమ్ దాన్ని ఆక్సిజన్‌తో కలిపినప్పుడు ఆకుపచ్చ కాంతి వస్తుంది, వేడి తగలదు. మిగిలింది తిరిగి కెఫిక్ ఆమ్లమవుతుంది. ఈ ప్రజాతిలోని నియోనోథోపానస్ నంబి అనే జాతి జన్యువులను చేర్చిన పొగాకు మొక్కలు వాటంతటవే వెలిగాయని 2020లో ప్రచురించారు. భాస్వరమే కారణమైతే జన్యువులు చేర్చినంత మాత్రాన మొక్క వెలుగుతుందా?

పగటి వెలుతురును దాచుకోవడమన్నది కూడా తప్పే. బ్రెజిల్‌లో తాటిజాతి చెట్ల మొదళ్లలో పెరిగే నియోనోథోపానస్ గార్డ్‌నెరి మీద 2015లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఆ వెలుగును నడిపేది లోపలి జీవగడియారం. లూసిఫెరిన్, ఎంజైములు రాత్రి పెరుగుతాయి, పగలు తగ్గుతాయి. అదే పరిశోధనలో ఆకుపచ్చ ఎల్ఈడీ పెట్టిన యాక్రిలిక్ పుట్టగొడుగుల మీదికి, వెలగని వాటికంటే ఎక్కువ పురుగులు వచ్చాయి. సిద్ధబీజాలు (పుట్టగొడుగుకు విత్తనాల్లాంటివి) మోసుకుపోవడానికి పురుగులు పనికొస్తాయి కాబట్టి రాత్రి వెలుగుకు అర్థముంది.

చదువుకోవచ్చన్న ముక్కలో మాత్రం కొంత నిజముంది. 1839లో బ్రెజిల్‌లో ఈ గార్డ్‌నెరిని సేకరించిన వృక్షశాస్త్రవేత్త జార్జ్ గార్డ్‌నర్, చీకటి గదిలో కొన్ని ఉంటే చదవడానికి సరిపోయిందని రాశాడు. అవి తాజావి. ఎండబెడితే తేమ పోతుంది, ఎంజైములు ఆగుతాయి, వెలుగూ ఆరిపోతుంది.

వెలుగు చూడాలంటే టార్చి, ఫోన్ తెర ఆపేసి 20 నిమిషాలు ఆగాలి. మధ్యలో ఒక్కసారి తెర చూసినా కన్ను మళ్లీ మొదటికొస్తుంది. ఫొటోకి కెమెరాను స్టాండు మీద పెట్టి షట్టరు 30 సెకన్లు తెరిచి ఉంచాలి. సందేశంలోని మిరుమిట్లు గొలిపే పచ్చదనం అలా పోగైన కాంతే, కంటికి కనిపించేది పాలిపోయిన వెలుగు. వెలిగేది భాస్వరం కాదన్నాం కదా అని నోట్లో మాత్రం పెట్టుకోకండి, నంబి విషపు పుట్టగొడుగే.