నోయ్! 2 రెండో వైపు గారికి

మహారాజశ్రీ రెండో వైపు గారి సముఖానికి,

నమస్కారాలు. తమరి దయవల్ల నా శనివారం దివ్యంగా గడిచింది. నోయ్! అనే జర్మన్ బ్యాండ్ రెండో ఆల్బమ్ రికార్డుకి రెండో ముఖం కదా తమరు, తమరిని తిరగేసి ముల్లు పెట్టగానే పాట పోపులో ఆవాల్లా చిటపటలాడింది. రెండోది బురదలో దిగబడ్డ ఎడ్లబండి. ప్లేయర్ పోయిందనుకున్నాను. తమరిని అనుమానించేంత ధైర్యం నాకెక్కడిది?

ఆ ప్లేయర్‌ని దుప్పట్లో చుట్టి, జ్వరమొచ్చిన చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ట్రాములో బయల్దేరాను. డ్యుసెల్‌డోర్ఫ్‌లోనే, తమరి బ్యాండ్ పుట్టిన ఊళ్లోనే. రిపేరు షాపు పెద్దాయన బెల్టు విప్పాడు, మోటారు చూశాడు, వేగం కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడడిగాడు, ఏ రికార్డూ అని. పేరు చెప్పాను. స్క్రూడ్రైవర్ కింద పెట్టి మరీ నవ్వాడు.

1973లో ఆల్బమ్ సగంలో ఉండగా డబ్బులైపోయాయట. బ్యాండ్‌లోని మిఖాయెల్ రోథర్, క్లౌస్ డింగర్ ఇద్దరూ కలిసి, అంతకు ముందే వదిలిన తమ సింగిల్‌నే, అంటే చిన్న రికార్డునే, నిమిషానికి 78 చుట్ల వేగంలో ఒకసారి, 16 చుట్ల నత్తనడకలో ఒకసారి తిప్పి, ఆ మోతతో తమరి పొట్ట నింపారట. అది చాలక ఓ పాటను క్యాసెట్ రికార్డర్‌లో వేసి నలిపారు. అట్ట చూస్తే మొదటి ఆల్బమ్ లాంటిదే, పైన గులాబీ స్ప్రేతో 2 అని గీకుడు. ఇంతా చేసి పేరేమో నోయ్! జర్మన్‌లో కొత్త అని అర్థం, ఆశ్చర్యార్థకంతో సహా! నిన్నటి ఇడ్లీలు చిదిపి ఉప్మా చేసినా, మా అమ్మ పోపు మాత్రం కొత్తగా పెడుతుందండీ.

అసలేంటయ్యా నీ ధీమా? నాకు ఇరవయ్యో తారీకుకల్లా జీతం అయిపోతుంది. మిగతా పది రోజులూ పాత పనే వేగం మార్చి మేనేజర్‌కి చూపిస్తున్నానా? 78లో చూపిస్తే ఊరుకుంటాడా? 16లో చూపిస్తే ఉంచుతాడా?

మీ అన్నగారిని, అదే మొదటి వైపుని, ఏమీ అనను. అందులో 'ఫ్యూర్ ఇమ్మర్' పాట పదకొండు నిమిషాల పైనే. డింగర్ డ్రమ్ము తగ్గదు, అలవదు. ఆ రాత్రి అంట్లన్నీ దాని మీదే తోమాను.

అది అయిపోయేసరికి నా చేతులకి సబ్బు. మావాడు వెళ్లి నిన్ను తిరగేశాడు. 78 పాటకి సోఫా మీద గెంతాడు, 16 రాగానే నేల మీద తాబేలులా పాకాడు. మళ్లీ పెట్టమన్నాడు. నాలుగుసార్లు పెట్టాను.

ఇట్లు,
పాడవని బెల్టుకి 15 యూరోలు కట్టినవాడు