ఎర్రగడ్డకు పాస్‌పోర్టు

ఫ్రెంచి వాళ్ళు కర్నూలుకు రావడం ఇది రెండోసారి. మొదట 1751లో వచ్చారు. కడప సీమలో జరిగిన తగువులో నిజాం ముజఫర్ జంగ్ చనిపోతే, సలాబత్ జంగ్‌ను గద్దె ఎక్కించి వెంటబెట్టుకుని ఉత్తరానికి పోతున్న ఫ్రెంచి సేనాని బుస్సీ, దారిలో ఉంది కదా అని మన కోటను కూడా పట్టుకున్నాడు. అప్పుడు ఫిరంగులు కావలసి వచ్చాయి. ఈసారి మెనూ కార్డు సరిపోయింది.

హైవే పక్కన కొత్తగా వెలిసిన ఆ హోటలు పేరు ఇక్కడ రాయను. రాసినా పలకలేరు. పలకగలిగిన వాళ్ళు ఈపాటికే టేబుల్ బుక్ చేసుకుని ఉంటారు. పేరు కింద 'ఫ్రెంచ్ వియత్నమీస్ ఫ్యూజన్' అని సన్నటి బంగారు అక్షరాలు ఉంటాయి. ఊళ్ళో చాలామంది ఆ బోర్డు చూసి నవ్వుతున్నారు. "ఉగ్గాని బజ్జి తినే ఊరికి ఇదెందుకప్పా" అంటున్నారు. ఈ సంకుచిత ధోరణిని తీవ్రంగా ఖండిస్తున్నాను. చరిత్ర తెలిసిన వాళ్ళెవరూ అలా నవ్వరు.

1858లో ఫ్రెంచి ఓడలు వియత్నాంలోని దనాంగ్ రేవు మీద పడ్డాయి. 1887కల్లా ఇండోచైనా అని ఒక బోర్డు కట్టేశారు. అక్కడికి పోతూ పోతూ రొట్టె, వెన్న, కాఫీ పట్టుకుపోయారు, ఉన్నన్నాళ్ళూ తిన్నారు. 1954 మే నెలలో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఓడిపోయి మూటాముల్లే సర్దుకున్నారు. అదే ఏడాది నవంబరు 1న మన యానాంను కూడా వదిలేశారు. ఆ సమయంలో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఏ ఊరు? కర్నూలు. 1953 అక్టోబరు 1న మొదలుపెట్టి, గుడారాల్లో ఆఫీసులు నడుపుకుంటూ, ఫైళ్ళు గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టుకుంటూ మనమూ ఒక రాజ్యం ఏలాం. 1956లో అది పోయింది. అంటే ఇటు మనమూ అటు ఫ్రెంచి వాళ్ళూ రెండేళ్ళ తేడాతో పోగొట్టుకున్న వాళ్ళమే. ఒకే రకం బాధ ఉన్నవాళ్ళు కలిసి కూర్చుని భోంచేయడానికి ఒక ఏసీ హాలు ఉండాలా వద్దా? ఈ హోటలును విజయవాడలో పెడితే అక్కడి వాళ్ళకు ఏం అర్థమవుతుంది?

ఇంత లోతుగా ఆలోచించాకనే నేను లోపలికి అడుగుపెట్టాను. బిల్లు కట్టేది బెంగుళూరు నుంచి వచ్చిన మా బామ్మర్ది కావడం కేవలం కాకతాళీయం. ప్రమోషన్ వచ్చిందని వాళ్ళ నాయనను, అంటే మా మామను కూడా వెంటబెట్టుకొచ్చాడు. మామది కోడుమూరు పక్క పల్లె. ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, బుడ్డలు, అంటే వేరుశనగ పండిస్తాడు. ఆ రోజు తెల్లచొక్కా వేసుకున్నాడు. హోటల్లో దీపాలన్నీ తగ్గించి ఉండేసరికి "కరెంటు పోయిందా అల్లుడా" అని మెల్లగా అడిగాడు. పోలేదు మామా, దానికి కూడా డబ్బులు తీసుకుంటారు అని చెప్పాను.

పళ్ళెం పెద్దది, అందులో కూడు చిన్నది అని రాయడం మన వ్యంగ్య రచయితలకు పాత అలవాటు. నేను రాయను.

ముందుగా చుట్టలు వచ్చాయి. తడిపిన బియ్యపు రేకులో పచ్చి ఆకులు, సన్న సేమియా, ఉడికిన రొయ్య పెట్టి చుట్టినవి. రేకు ఎంత పల్చగా ఉందంటే లోపలి రొయ్య బయటికి చూస్తోంది. ఆత్రేయపురం వాళ్ళకు చూపిస్తే బెల్లం పెట్టడం మరిచిపోయారని జాలిపడతారు. రెండు చుట్టలు 420 రూపాయలు. ధర గురించి నాకేమీ పేచీ లేదు. పేచీ అంతా పక్కన పెట్టిన గిన్నె గురించి. అందులో బుడ్డల చట్నీ ఉంది. వియత్నాంలో కూడా వేయించిన బుడ్డలు నూరి ఇలాగే నంజుకుంటారు కాబట్టి అందులో తప్పు పట్టేదేమీ లేదు. మామ దాన్ని ఒక్క చుట్టతో తుడిచేసి, చేయి ఎత్తి, "చట్నీ ఎయ్యి నాయనా" అన్నాడు.

"ఎక్స్‌ట్రా డిప్ నైంటీ రుపీస్ సార్."

పాఠకులు ఒక్క నిమిషం ఆగి ఈ వాక్యం బరువును అంచనా వేయాలి. కర్నూలు నవాబుల్ని చూసింది, కుంఫిణీని చూసింది, 2009 అక్టోబరులో తుంగభద్ర వరదను నడివీధిలో చూసింది. చట్నీకి డబ్బులడగడం మాత్రం చూడలేదు. ఈ ఊళ్ళో మనిషి ఒక్క ప్లేటు ఇడ్లీ చెప్పి నాలుగుసార్లు చట్నీ వేయించుకుంటాడు. నాలుగోసారి సర్వరు మొహం మాడ్చుకున్నా గరిటె మాత్రం వంచుతాడు. అది మన రాజ్యాంగం, ఎవరూ రాయలేదు అంతే. మామ ఆ గిన్నె వైపు చూసి, వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. మూట బుడ్డలకు ఎన్ని గిన్నెలు అవుతాయో చూస్తున్నాడని తర్వాత తెలిసింది. లెక్క తేలేసరికి మంచినీళ్ళు అడిగాడు. మామూలువి.

చేపల రసం గురించి ఎక్కువ చెప్పను. నెత్తళ్ళు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పీపాల్లో ఏడాది దాకా ఊరబెడితే కారే రసం అది. మన ఇళ్ళల్లో ఎండు నెత్తళ్ళు వేయిస్తే చుట్టాలు వచ్చే టైముకు కిటికీలు తెరిచి సాంబ్రాణి వేస్తారు. ఇక్కడ చుట్టాలను పిలిచి మరీ వాసన చూపిస్తున్నారు.

తర్వాత ఫో. వియత్నాం ఉత్తరాన పుట్టిన ఎముకల పులుసు, బియ్యపు నూడుల్స్ వేసి ఇస్తారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, మంట మీద కాల్చిన ఎర్రగడ్డ, అల్లం వేసి గంటలకొద్దీ కాస్తారు. ఫ్రెంచి వాళ్ళు మాంసం కండంతా తినేస్తే మిగిలిన ఎముకలతో ఇది పుట్టిందని కొందరు, ఫ్రాన్సులోని ఎముకల పులుసుకూ దీనికీ చుట్టరికం ఉందని ఇంకొందరు, కాదు ఇందులో చైనా వంటోళ్ళ చెయ్యి ఉందని మరికొందరు ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు. హనోయిలో దీన్ని పొద్దున్నే, ఫుట్‌పాత్ మీద, పిల్లలు కూర్చునేంత ప్లాస్టిక్ స్టూళ్ళ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని తాగుతారు. మన పాతబస్తీలో తెల్లవారుజామున పాయా తాగేవాళ్ళకు ఈ భంగిమ కొత్త కాదు. కానీ పాయా దగ్గర మనిషి గిన్నె పట్టుకుని, చెయ్యి కాలుతుంటే అటూ ఇటూ మార్చుకుంటూ, "ఇంకో రెండు ముక్కలెయ్యి భాయ్" అని గొడవపడతాడు. అదే పులుసు సోఫాలో కూర్చుని తాగితే ఎవరూ గొడవపడటం లేదు. శాంతిభద్రతల కోణంలో పోలీసు శాఖ దీన్ని అధ్యయనం చేయాలి.

పక్క టేబుల్ వాళ్ళు 'జైన్ ఫో' చెప్పారు. మెనూలో నిజంగానే ఉంది. ఎముకల పులుసులోంచి ఎముకలు తీసేశారు. ఎర్రగడ్డ తీసేశారు. అల్లం తీసేశారు. మిగిలినదాన్ని వేడివేడిగా తెచ్చారు. పైన ఒక అనాసపువ్వు తేలుతోంది. ధర మాత్రం ఏమీ తీసేయలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. సైగాన్ స్టైల్ ఫ్రెంచ్ ఆనియన్ సూప్, 495 రూపాయలు.

కర్నూలు వాళ్ళకు ఎర్రగడ్డ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ధర పడిపోయిన ఏడు మార్కెట్ యార్డుకు పోయి చూస్తే చాలు. లారీ బాడుగ, హమాలీ కూలి, కమీషను పోగా తక్‌పట్టీలో, అంటే యార్డు లెక్క చీటీలో, మిగిలేది చూసి, గడ్డల్ని తిరిగి ఇంటికి తీసుకుపోవడం ఇంకా దండగని రోడ్డు పక్కనే పారబోసి పోయిన రైతులు ఉన్నారు. గొర్రెలు కూడా ఒక దశ దాటాక తినవు. అలాంటి గడ్డనే ఇక్కడ సన్నగా తరిగి, వెన్నలో సన్నసెగ మీద గోధుమరంగు తిరిగేదాకా ఓపిగ్గా వేయించి, పులుసు పోసి, పైన రొట్టె ముక్క పెట్టి, చీజ్ కరిగించి, వియత్నాం కోసం నిమ్మగడ్డి తుంచి వేశారు. బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. మామ చివరి చుక్క దాకా తాగాడు.

ఈ సూపు పుట్టుక చెప్పకపోతే పాపం తగులుతుంది. పారిస్ నడిబొడ్డున లే ఆల్ అని పెద్ద మార్కెట్టు ఉండేది. 1969లో దాన్ని ఊరి బయటికి తరలించారు. అక్కడ రాత్రంతా మూటలు మోసిన హమాలీలు తెల్లవారుజామున వేడివేడిగా తాగిన సూపు ఇది. వాళ్ళతో పాటు రాత్రంతా తాగి తిరిగిన షోకిలాలు కూడా అదే బల్లల మీద తాగేవాళ్ళు. అంటే ఇది మార్కెట్ యార్డు సూపు. మన యార్డులో హమాలీ పొద్దున్నే ఏం తాగుతాడో ఆ చెఫ్ ఎప్పుడైనా చూశాడో లేదో తెలియదు. చూస్తే అదీ మెనూలోకి ఎక్కుతుంది. అందుకే చూడకపోవడమే మంచిది.

మామ సర్వరును పిలిచాడు. అంతదాకా ఇంగ్లీషు తప్ప మాట్లాడని ఆ కుర్రాడిని "యా ఊరు నాయనా?" అని అడిగేసరికి, "ఎమ్మిగనూరు పక్క తాతా" అని ఠక్కున దిగిపోయాడు.

"ఈ ఎర్రగడ్డలు యాడివి?"

"నాసిక్‌వి తాతా. బెంగుళూరుకొచ్చి, ఆడినుంచి మన దానికి ఏసీ వ్యానులో వస్తాయి. ఈడి గడ్డ ఒక సైజుండదని చెఫ్ వద్దంటాడు."

మామ తలూపాడు. గడ్డకు ఏసీ వ్యాను అన్న మాట దగ్గర ఆయన మనసు ఆగిపోయినట్టుంది. "మనమూ ఎప్పుడూ ఏసీ బస్సెక్కలేదు కదరా" అని కొడుకుతో అన్నాడు.

అక్కడే నాకు తెలివి వెలిగింది. ఇన్నేళ్ళూ నిపుణులు, సంఘాలు, ప్రభుత్వాలు రైతు సమస్యను తప్పుగా చూస్తున్నాయి. గిట్టుబాటు ధర లేదంటారు. కాదు, గిట్టుబాటు దూరం లేదు. కోడుమూరు నుంచి కర్నూలు యార్డుకు ఎర్రగడ్డ ఎంత దూరం పోతుంది? ముప్ఫై, నలభై కిలోమీటర్లు. అంత దూరానికి ఏ వస్తువుకు మాత్రం గౌరవం వస్తుంది? హమాలీ సూపు సముద్రాలు దాటింది కాబట్టి 495 అయింది. ఫుట్‌పాత్ పులుసు హనోయి నుంచి వచ్చింది కాబట్టి సోఫా ఎక్కింది. మన సోనామసూరి ఈ జిల్లా దాటకుండానే ఇంటి పక్కన ఉడుకుతోంది కాబట్టి దానికి బియ్యం అని పేరు.

కాబట్టి ప్రభుత్వానికి నా సూచన ఇది. మద్దతు ధర మీద డబ్బు తగలెయ్యొద్దు. ప్రతి సీజనులో కొన్న గడ్డల్ని కృష్ణపట్నం రేవులో ఓడ ఎక్కించి, ఫ్రాన్సులో మార్సేయి దాకా పంపాలి. అక్కడ దించనవసరం లేదు, రేవు గాలి తగిలితే చాలు. వెనక్కి తిప్పి, సైగాన్‌లో రెండు రోజులు నిలబెట్టి, మళ్ళీ యార్డుకు తేవాలి. ఒక్కో మూటకు పాస్‌పోర్టు, అందులో రెండు ముద్రలు. అప్పుడు వేలంపాట ఎట్లా జరుగుతుందో చూద్దాం. దారిలో కొన్ని కుళ్ళిపోతాయి, నిజమే. వాటిని 'ఫర్మెంటెడ్' అని విడిగా అమ్ముకోవచ్చు.

కాఫీ గురించి రెండు ముక్కలు. గ్లాసు మీద చిన్న రేకు డబ్బా పెట్టి, అందులో పొడి వేసి, నీళ్ళు పోసి పోయారు. అది చుక్కచుక్కగా కారుతుంది, అడుగున గడ్డపాలు ఉంటాయి. అప్పట్లో వియత్నాంలో పచ్చిపాలు దొరకడం కష్టమై డబ్బా పాలు వాడుకున్నారు, అదే రుచిగా నిలిచిపోయింది. పాలకు లోటు లేని మనం కూడా ఆ కరువును 280 రూపాయలు ఇచ్చి కొనుక్కున్నాం. చుక్కల కోసం ఎదురుచూడటం మాత్రం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఎండాకాలం మున్సిపాలిటీ కొళాయి దగ్గర ఆ శిక్షణ అయిపోయింది.

బిల్లు చూసి బామ్మర్ది, "బావా, బెంగుళూరు కంటే తక్కువే" అన్నాడు. ఆ ఊరు వాళ్ళను ఏం చేసిందో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

ఈ వ్యాసం పంపేలోపు ఇంకో కబురు. హోటలు వాళ్ళు ఆదివారాలు 'ఫార్మ్ టు టేబుల్' పెడుతున్నారట. అతిథుల్ని కార్లలో పొలానికి తీసుకుపోతారు. అక్కడ వాళ్ళు టోపీలు పెట్టుకుని, స్వయంగా ఎర్రగడ్డలు పీకి, ఫోటోలు దిగి, గట్టు మీద సూపు తాగి వస్తారు. మనిషికి మూడువేలు. దానికి పొలం కావాలని ఎమ్మిగనూరు కుర్రాడు మామకు ఫోన్ చేశాడు. ఒక్క ఆదివారానికి వాళ్ళిస్తామన్న బాడుగ పోయిన పంటలో మిగిలినదానికన్నా ఎక్కువ. మామ ఒప్పుకున్నాడు. ఒకే ఒక్క షరతు పెట్టాడు: పీకిన గడ్డలు వాళ్ళే తీసుకుపోవాలి.